ఆముదం, ఉడుకునీళ్లు, అట్టకట్టిన జుట్టు: ఒక బాలింత కేసు

మహబూబ్‌నగర్ పట్టణంలో చర్మవైద్యం చేస్తున్న నాకు నూనెల గురించి ప్రశ్న ఎదురుకాని రోజంటూ ఉండదు. ఆముదం పెడితే జుట్టు ఒత్తుగా వస్తుందా, వేపనూనెతో చుండ్రు పోతుందా, పసివాడి ఒంటికి ఏ నూనె మంచిది అని అడిగే వారిలో చాలామందికి రెండు నిమిషాల్లో జవాబు చెప్పి పంపిస్తాను. ఈ కేసులో మాత్రం ఒక్క తలస్నానంతో వచ్చిపడిన చిక్కును విడదీయడానికి మూడు సిట్టింగులు, మొత్తం మీద ఆరు గంటలకు పైగా పట్టింది. రోగి అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను.

రోగి, ఆమె చెప్పిన సంగతి

ఆమెకు 26 ఏళ్లు. నారాయణపేట జిల్లాలో మక్తల్ వైపు పల్లె. తొలి కాన్పు అయి ఐదు నెలలైంది, బాబుకు తల్లిపాలే పడుతున్నారు. జనవరిలో ఒక ఉదయం భర్త, అత్తగారు వెంట రాగా తల నిండా కొంగు కప్పుకుని వచ్చి కూర్చున్నారు. కొంగు తీయమని అడిగితే ఆమె అత్తగారి వైపు చూశారు. అత్తగారే నోరు విప్పారు: "ఎల్లమ్మ జడ కట్టింది మేడం. మేము కత్తెర పెట్టనియ్యం. పిల్లకు మెడ గుంజుతున్నదట, రాత్రి పండుకోనిస్తలేదు, దానికి మందియ్యండి చాలు."

కొంగు తీసేసరికి నడినెత్తికి కాస్త వెనకగా, పెంకుతో ఉన్న కొబ్బరికాయంత ముద్ద కనిపించింది. దాని మీద పసుపు, కుంకుమ బొట్లు ఉన్నాయి. నడుము దాకా ఉండే జుట్టంతా అందులో చుట్టుకుపోయింది. ముద్ద కింద, కుదుళ్ల దగ్గర నాలుగైదు వేళ్ల మందాన మాత్రం వెంట్రుకలు విడివిడిగా ఉన్నాయి.

ఇది వచ్చి ఆరు రోజులైందన్నారు. ఎలా వచ్చిందని అడిగితే మొదట "తలస్నానం చేస్తే వచ్చింది" అన్న ఒక్క మాటే వచ్చింది. ఇలాంటి కేసుల్లో రోగనిర్ణయం సగం ఆ స్నానం వివరాల్లోనే ఉంటుంది కనుక, అత్తగారిని కాసేపు బాబుతో బయట కూర్చోమని చెప్పి, ఆమె చేత ఆ రోజు సంగతి మొదటి నుంచీ చెప్పించుకున్నాను.

కాన్పు అయిన మూడో నెల చివర్లో జుట్టు రాలడం మొదలైంది. దువ్విన ప్రతిసారీ పిడికెడు ఊడి రావడంతో భయపడి దువ్వడమే తగ్గించేశారు. ఆ స్నానానికి ముందు నాలుగు రోజులుగా దువ్వెన ముట్టలేదు, జుట్టును కొప్పు వేసి వదిలేశారు. ఫోన్‌లో చూసిన ఒక వీడియోలో ఆముదం గోరువెచ్చగా చేసి తలంతా తడిసేలా పట్టించి, రాత్రంతా ఉంచితే రాలడం ఆగుతుందని చెప్పారట. పుట్టింటి నుంచి తల్లి పంపిన వంటాముదం ఇంట్లో ఉండనే ఉంది. ఎంత పట్టించారని అడిగితే చాయ్ గ్లాసుతో గ్లాసున్నర అన్నారు. అలాంటి గ్లాసుతోనే నీళ్లు పోసి కొలిస్తే 150 మిల్లీలీటర్లు తేలింది. నిజానికి అంత పొడుగు జుట్టుకైనా ఒకటి రెండు చెంచాలు మించిన ఆముదం అక్కర్లేదు.

రాత్రి జుట్టును నెత్తి మీద ముడివేసి తువ్వాలు చుట్టి పడుకున్నారు. తెల్లవారి చలికి బాగా కాగిన నీళ్లు తోడుకున్నారు. ఇంట్లో షాంపూ లేదు, కుంకుడుకాయలు కొట్టి నానబెట్టే తీరిక పసిబిడ్డ తల్లికి లేదు. ఒంటికి రాసుకునే సబ్బుబిళ్లనే తలకు రుద్దారు. జిడ్డు వదలకపోతే మళ్లీ రుద్దారు. ఎలా రుద్దారో చేతులతో చూపించమన్నప్పుడు ఆమె రెండు చేతులూ నెత్తి మీద పెట్టి, జుట్టంతా పైకి పోగేసినట్టుగా చేసి, గుండ్రంగా, బట్టలు కుమ్మినట్టుగా చూపించారు. ఆ కదలిక చూసిన క్షణమే నాకు జబ్బు అర్థమైంది. రెండోసారి నీళ్లు పోసుకున్నప్పుడు జుట్టు భుజాల మీదికి జారలేదు, పైనే నిలబడిపోయింది.

ఆ తర్వాత దువ్వెన పళ్లు రెండు విరిగాయి. రెండు రోజులు కొబ్బరినూనె పోసి లాగి చూశారు. పక్కింటివాళ్లు కిరోసిన్ పొయ్యమన్నారు గానీ, పాలిచ్చే తల్లి ఆ వాసనకు ఒప్పుకోలేదు. అది ఆమె చేసిన మేలైన పనుల్లో ఒకటి. మూడో రోజుకు అత్తగారు దాన్ని అమ్మవారి జడగా నిర్ణయించి బొట్టు పెట్టారు. అప్పటి నుంచి ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

పరీక్ష

ముద్ద 14 సెంటీమీటర్ల పొడవు, 11 సెంటీమీటర్ల వెడల్పు ఉంది. పైన జిగటగా ఉన్నా, వేలితో నొక్కితే లోపల చెక్కలా గట్టిగా తగిలింది. దుర్వాసన లేదు, చీము లేదు. కుదుళ్ల దగ్గర చర్మం ఎర్రబడలేదు. మెడ వెనక రెండు వేళ్ల మేర మాత్రం బరువుకు లాగి నొప్పిగా ఉంది. పేలు, ఈపి ఎక్కడా లేవు. పేలు ఎక్కువై, పుండ్లు పడి, రసి కారి జుట్టు అంటుకుపోవడం మన దగ్గర ఇంకా చూస్తూనే ఉంటాం కాబట్టి దాన్ని ముందే తోసిపుచ్చవలసి ఉంటుంది.

ఏళ్ల తరబడి తల దువ్వక, మానసిక అనారోగ్యం వల్ల గానీ నమ్మకం వల్ల గానీ జుట్టును పట్టించుకోక జటలు కట్టడం వేరే సంగతి. అది నెలల మీద, పాయలు పాయలుగా వస్తుంది. ఈమెలో మనసుకు సంబంధించిన ఇబ్బంది ఏదీ కనిపించలేదు. బాలింతల్లో దిగులు గురించి అడగవలసినవన్నీ అడిగాను. రంగు వేయడం, స్ట్రెయిటెనింగ్ వంటివి ఎప్పుడూ చేయించుకోలేదు. ఒకే స్నానంలో, నిమిషాల మీద, ఒకే ముద్దగా వచ్చింది కాబట్టి దీన్ని ఉన్నట్టుండి జుట్టు అట్టకట్టడంగా, అంటే హెయిర్ ఫెల్టింగ్‌గా నిర్ధారించాను.

చర్మాన్ని, జుట్టును పెద్దవి చేసి చూపే డెర్మోస్కోపుతో చూసినప్పుడు వెంట్రుకలు విరగలేదు, కరగలేదు. అన్ని దిక్కులకూ వంగి, ఒకదాని సందులో ఒకటి దూరి, గిజిగాడి గూటి అల్లికను దగ్గరగా చూసినట్టుగా ఉంది. సందుల్లో తెల్లటి మడ్డి కనిపించింది. విడిగా ఉన్న జుట్టులో చెవి పైన 60 వెంట్రుకల దాకా పట్టుకుని మెల్లగా లాగితే 9 ఊడి వచ్చాయి. వాటి మొదళ్లు తెల్లగా, చిన్న గదలా ఉన్నాయి. కాన్పు తర్వాత రాలే జుట్టు అలాగే ఉంటుంది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.8, ఒంట్లో ఇనుము నిల్వను తెలిపే ఫెర్రిటిన్ 11 వచ్చాయి, రెండూ తక్కువే. థైరాయిడ్ సరిగానే ఉంది.

ఇక్కడ ఒక చిన్న పరీక్ష చేశాను. అది వైద్యగ్రంథాల ప్రకారం చేసింది కాదు, ఎదురుగా కూర్చున్న కుటుంబం కోసం చేసింది. ముద్ద అంచు నుంచి ఊడి వేలాడుతున్న చిటికెన వేలి గోరంత తునకను తీసి మూడు ముక్కలు చేసి, మూడు స్టీలు గిన్నెల్లో వేశాను. ఒకదాంట్లో కొబ్బరినూనె, ఒకదాంట్లో షాంపూ నీళ్లు, మూడోదాంట్లో స్పిరిట్. మిగతా నూనెల్లా కాకుండా ఆముదం ఆల్కహాలులో కలిసిపోతుంది. పావుగంట తర్వాత స్పిరిట్‌లోని తునకను తీసి ఆరబెడితే చేతికి జిడ్డన్నదే తగల్లేదు. అయినా అది విడిపోలేదు. సూదితో గుచ్చితే గట్టిగానే నిలిచింది. అంటే ఇప్పుడు ఆ వెంట్రుకలను పట్టి ఉంచుతున్నది ఆముదం కాదు. ఆముదం వాటిని ఒక చోటికి చేర్చింది, ఆ తర్వాత అవి తమంతట తామే ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. షాంపూ గిన్నెలోని తునకా అంతే. కొబ్బరినూనె గిన్నెలోని తునక మాత్రం విడిపోకపోయినా సూదికి కొంచెం లొంగింది. చికిత్స ఏ దారిన నడవాలో నాకు అక్కడే తెలిసింది.

ఎందుకు జరిగింది

వెంట్రుక పైపొర నున్నగా ఉండదు. తాటాకు కప్పులో ఆకు మీద ఆకు కప్పినట్టు సన్నటి పొలుసులు కుదురు నుంచి కొస వైపుకు వరసగా పేర్చి ఉంటాయి. దీన్నే క్యూటికిల్ అంటాం. అందుకే వెంట్రుకను రెండు వేళ్ల మధ్య పెట్టి కుదురు నుంచి కొసకు జారిస్తే నున్నగా, కొస నుంచి కుదురుకు జారిస్తే గరుకుగా తగులుతుంది. నీళ్లలో తడిసినప్పుడు వెంట్రుక సుమారు 15 శాతం దాకా లావెక్కుతుంది, పొలుసులు లేస్తాయి. సబ్బుబిళ్లలోని క్షారం వాటిని ఇంకా లేపుతుంది. అలా పొలుసులు లేచిన వేల వెంట్రుకలను పైకి పోగేసి గుండ్రంగా రుద్దితే, ప్రతి వెంట్రుకా ఒకే వైపుకు జరగగలదు, వెనక్కి రాలేదు. గొంగడిని ఉడుకునీళ్లలో వేసి కుమ్మితే ముడుచుకుపోయి బిర్రబిగుసుకుంటుందని ఇక్కడి కురుమలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గొర్రె ఉన్నికి జరిగేదే ఆ రోజు ఈమె తలకు జరిగింది.

ఇందులో ఆముదం పాత్ర దాని చిక్కదనం. ఆముదంలోని కొవ్వు ఆమ్లాల్లో 85 నుంచి 90 శాతం రిసినోలియిక్ ఆమ్లమే. ఆ అణువు మధ్యలో ఉండే హైడ్రాక్సిల్ గుంపు వల్ల అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని నూనె తీగలు సాగుతుంది. గది వేడి దగ్గర ఆముదం కొబ్బరినూనె కన్నా పదింతలకు పైగా చిక్కగా ఉంటుంది. కొద్దిగా రాస్తే ఈ గుణమే జుట్టుకు మెరుపునిస్తుంది, ఎగిరే వెంట్రుకలను అణచిపెడుతుంది. గ్లాసున్నర పోస్తే పాయలు పాయలుగా అతుక్కుని కదలనివ్వదు. పైగా వాళ్ల బోరునీళ్లు ఉప్పదనం ఉన్నవి. సబ్బు అందులోని కాల్షియంతో కలిసి నురగకు బదులు మడ్డి కట్టింది. సందుల్లో కనిపించిన తెల్లటి పదార్థం అదే.

వీటన్నిటికీ తోడు ఇంకొకటి జరిగిందని నా అంచనా. ముద్ద నుంచి తీసిన వెంట్రుకలను మైక్రోస్కోపు కింద పెట్టినప్పుడు చాలావాటికి తెల్లటి గద మొదళ్లు ఉన్నాయి, అంటే అవి ఎప్పుడో ఊడిపోయి కొప్పులోనే ఉండిపోయినవి. తలకు అంటుకుని ఉన్న వెంట్రుకలన్నిటికీ పొలుసులు ఒకే దిక్కుకు ఉంటాయి. ఊడిన వెంట్రుకకు రెండు కొసలూ వదులే కాబట్టి అది ఎటైనా తిరిగి, ఎటైనా దూరి, సూదీ దారంలా మిగతావాటిని కుట్టేయగలదు. మామూలు రోజుల్లో అవి దువ్వెనకు వచ్చేస్తాయి. ఈమె రాలుతుందన్న భయంతో నాలుగు రోజులు దువ్వలేదు. కాన్పు తర్వాత రాలడం, దువ్వకపోవడం, చిక్కటి నూనె, ఉడుకునీళ్లు, సబ్బు, గుండ్రంగా రుద్దడం: వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఈ ముద్ద కట్టి ఉండేది కాదేమో.

ఇది అరుదైనదే గానీ కొత్తదేమీ కాదు. కొబ్బరినూనె, ఆముదం పట్టించిన 20 ఏళ్ల యువతికి ఇలాగే జరిగిన కేసు 2017లో మన దేశంలోని వైద్య పత్రికలోనే అచ్చయింది. 1884లో లె పేజ్ అనే వైద్యుడు ఇలాంటి జటకు నరాల బలహీనతను అంటగట్టి ప్లైకా న్యూరోపతికా అని పేరు పెట్టాడు. ఐరోపాలో, ముఖ్యంగా పోలండులో, జట కోస్తే రోగం లోపలికి పోయి ప్రాణం మీదికి వస్తుందని శతాబ్దాల పాటు నమ్మారు. అత్తగారి భయం మన పల్లెలకే పరిమితమైనది కాదని చెప్పడానికే ఈ సంగతి ఎత్తాను.

కత్తెర గురించిన మాటలు

నిజానికి ఈ కేసులో కష్టమైన భాగం ఇదే. మక్తల్, నారాయణపేట, గద్వాల వైపు జడలు కట్టడాన్ని ఎల్లమ్మ పిలుపుగా భావించి, ఆడపిల్లలను అమ్మవారికి సమర్పించి జోగినులుగా వదిలేసిన చరిత్ర ఉంది. 1988లో చట్టం చేసి ఆ సమర్పణను నిషేధించిన తర్వాత కూడా ఆ నమ్మకపు నీడ ఇళ్లలో ఉండిపోయింది. ఈమె పెళ్లయి బిడ్డ తల్లి అయిన మనిషి కాబట్టి ఆ ప్రమాదం లేదు గానీ, కోస్తే పసివాడికి కీడన్న మాట ఇంట్లో అప్పటికే అనేశారు. ఆ తల్లి చేత కత్తెరకు సరే అనిపించడం ఇక తేలిక కాదు.

నమ్మకంతో వాదనకు దిగితే రోగి మళ్లీ రాదని నాకు అనుభవం. అందుకని గిన్నెలు ముందు పెట్టి, తునకలు చూపించి, నాకు తెలిసింది మాత్రమే చెప్పాను: అమ్మవారి జడ నెలల తరబడి మెల్లగా కడుతుందని పెద్దలే చెబుతారు కదా, ఇది ఒక్క పూటలో, సబ్బు రుద్దుతుండగా కట్టింది. లోపల సబ్బు మడ్డి ఇదిగో. విప్పగలిగినంత విప్పుతాను, కత్తెర చివరికి గానీ తియ్యను, తీసేముందు మీకు చెప్పే తీస్తాను.

అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తునకను వేళ్ల మధ్య నలిపి వాసన చూశారు. "సబ్బు వాసనే" అన్నారు. కాసేపటికి, నాకు తట్టని దారి ఆవిడే చూపించారు: కోయవలసి వస్తే ఆ జుట్టు చెత్తబుట్టలో వేయకుండా తమకే ఇవ్వాలి, దాన్ని తలనీలాల కింద మన్యంకొండ తీసుకెళ్తామన్నారు. మొక్కుగా ఇచ్చే జుట్టును కోయడం కీడు కాదు కదా అని ఆవిడే కోడలికి చెప్పారు. ఒప్పందం అక్కడ కుదిరింది. ఆ రోజు నేను చెప్పిన శాస్త్రం కన్నా ఆ మాటే ఎక్కువ పని చేసిందని ఒప్పుకోవడానికి నాకేమీ చిన్నతనం లేదు.

విప్పిన తీరు

మొదటి సిట్టింగులో ముందుగా మడ్డిని వదిలించాలి. క్లినిక్‌లోని ఆర్వో నీళ్లతో, కాల్షియాన్ని పట్టి వదిలించే ఈడీటీఏ కలిసిన షాంపూను పలుచగా చేసి, రుద్దకుండా ముద్ద మీద పోస్తూ పిండుతూ మూడుసార్లు కడిగాం. తువ్వాలుతో అద్ది, సెట్రిమోనియం ఉన్న కండిషనర్‌ను ముద్ద లోపలికి సిరంజితో ఎక్కించి అరగంట ఆగాం. ధన విద్యుదావేశం ఉన్న ఈ పదార్థం వెంట్రుకకు అతుక్కుని, లేచిన పొలుసులను కాస్త అణచి జారుడునిస్తుంది. దాని మీద కొద్దిగా కొబ్బరినూనె, సిలికోన్ సీరం వాడాం.

తర్వాత దువ్వెన కాదు, ఊలు అల్లే సూది పట్టుకున్నాం. దువ్వెన వందల వెంట్రుకలను ఒక్కసారి లాగుతుంది, ముడి ఇంకా బిగుస్తుంది. సూదితో అంచు నుంచి ఒక్కొక్క వంపును పైకి లేపి, కొస వైపు కాకుండా కుదురు వైపుకు వెనక్కి లాగాలి, ఎందుకంటే పొలుసుల అమరిక వల్ల వెంట్రుక కుదురు ముందుగా జారినంత సులువుగా కొస ముందుగా జారదు. మా నర్సు మొదట కొస పట్టుకుని లాగితే రాని పాయ, ఇలా వెనక్కి తీస్తే సరసరా వచ్చింది. ఊడి ఉన్న వెంట్రుకలు ఎక్కడికక్కడ గుప్పెడేసి బయటపడ్డాయి. మధ్యలో రెండుసార్లు బాబుకు పాలివ్వడానికి ఆపాం. రెండుంబావు గంటల తర్వాత ముద్ద మూడో వంతు తగ్గింది.

రెండు రోజుల తర్వాత రెండో సిట్టింగు, ఆ పైవారం మూడోది, ఒక్కోటి రెండు గంటల చొప్పున పట్టాయి. ముద్ద బరువు తగ్గడంతో మెడనొప్పి రెండో రోజుకే పోయింది. చివరికి జామకాయంత గుండె మిగిలింది. దానిలోకి సూది దిగలేదు. అందరికీ చెప్పి, దాన్ని కత్తిరించి, అత్తగారు తెచ్చిన పసుపు గుడ్డలో పెట్టి ఇచ్చాను. నడుము దాకా ఉన్న జుట్టు ఎగుడుదిగుడుగా భుజాల కిందికి వచ్చింది. చివరలు సమం చేశాం.

కేసు ఇలా ముగిసిందని గొప్పగా చెప్పుకోను. ఆరు గంటల పని ఏ క్లినిక్‌కైనా భారమే. మొదటి రోజునే వచ్చి ఉంటే, కొబ్బరినూనె పోసి లాగకుండా ఉంటే ఆ గుండె కూడా విడిపోయేదనుకుంటాను. ఆలస్యంగా వచ్చిన వారికి కత్తెరే దారి. దాన్ని ముందే చెప్పడం మంచిది.

అసలు రాలడానికి మందు

ఆమె ఆముదం పట్టించింది దేనికో దానికి ఆముదం మందు కాదు. కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల రాలకుండా ఆగిన జుట్టు కాన్పు తర్వాత రెండు నుంచి నాలుగు నెలల్లో ఒక్కసారిగా రాలుతుంది. చాలామందిలో ఏడాది లోపల దానంతటదే ఆగిపోతుంది. ఈమెకు రక్తహీనత కూడా ఉంది కాబట్టి ఇనుము మాత్రలు మూడు నెలలకు రాశాను, వాటిని చాయ్‌తో కాకుండా నిమ్మరసంతో వేసుకోమని చెప్పాను. ఆముదం జుట్టును కొత్తగా మొలిపిస్తుందని నమ్మదగిన ఆధారం లేదు. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమన్నట్టు, రాలడానికి కారణం వెతకనప్పుడు ఆముదమే మహామందవుతుంది.

నూనెలన్నీ ఒకటి కావని కూడా చెప్పవలసి వచ్చింది. కొబ్బరినూనెలో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం చిన్నది, తిన్ననిది. వెంట్రుక లోపలికి చొరగలదు. తలస్నానానికి ముందు రాసిన కొబ్బరినూనె వెంట్రుకలోని ప్రొటీన్ కడుక్కుపోకుండా ఆపుతుందని, పొద్దుతిరుగుడు నూనె గానీ మినరల్ ఆయిల్ గానీ ఆ పని చేయలేదని 2003లో మన దేశంలో జరిగిన పరిశోధన చూపింది. ఆముదం ఎక్కువగా పైనే ఉండిపోతుంది. పైన ఉండిపోయేది పైపూతకే పనికొస్తుంది.

చుండ్రుతో ఎర్రగా పొక్కు లేస్తున్న తలకు మాత్రం ఈ రెండూ వద్దంటాను. అక్కడ పెరిగే మలసీజియా అనే ఫంగస్‌కు కొవ్వు ఆమ్లాలే తిండి. నూనె రాస్తే పొలుసు మెత్తబడి తగ్గినట్టు కనిపిస్తుంది, రెండు రోజుల్లో మళ్లీ లేస్తుంది.

ఆముదాన్ని తీసేయమని చెప్పలేదు

అలా చెప్పి ఉంటే ఆ ఇంట్లో ఎవరూ వినేవారు కాదు, వినవలసిన అవసరమూ లేదు. ఎర్ర చెల్కల్లో వానాధారంగా ఆముదాలు పండించిన పాలమూరు ఇది. పాలెంలోని వ్యవసాయ పరిశోధన స్థానంలో ఆముదం రకాల మీదే ఏళ్లుగా పని జరుగుతోంది. గింజలు వేయించి, దంచి, నీళ్లలో వేసి ఉడికిస్తే పైకి తేలిన నూనెను గరిటెతో తీసి, మళ్లీ కాచి తేమ పోగొట్టిన వంటాముదం ఇళ్లలో సీసాల్లో ఉంటుంది. గింజలో ఉండే రిసిన్ అనే విషం నూనెలోకి రాదు, పిండిలోనే ఉండిపోతుంది, ఉడకబెడితే చెడిపోతుంది. గింజలను మాత్రం పిల్లలకు అందనివ్వకూడదు.

నాకు ఆసక్తి కలిగించింది మరొకటి. ఈమె తల్లి, అమ్మమ్మ ఇదే ఆముదం జీవితమంతా వాడారు, వాళ్లకు ఎప్పుడూ ఇలా జరగలేదు. ఎలా వాడేవారని తరువాతి సందర్శనలో తల్లిని అడిగితే ఆమె చెప్పింది ఇది: ముందు చిక్కు తీసి దువ్వుతారు, ఊడినవన్నీ చుట్టి పారేస్తారు, ఆ తర్వాత అరచేతిలో ఒక బొట్టు వేసుకుని మాడుకు అద్దుతారు, మిగిలినదాన్ని జడ పొడుగునా పైనుంచి కిందికి నిమురుతారు. తలంటేటప్పుడు వంగి జుట్టును ముందుకు వేలాడదీసి, వడకట్టిన కుంకుడు పులుసును పైనుంచి పోస్తూ వేళ్లతో కిందికి తీస్తారు. గుండ్రంగా కుమ్మడం లేదు, పైకి పోగేయడం లేదు, ఉడుకునీళ్లు లేవు. వీడియో ఆముదాన్ని తీసుకుంది, దాన్ని వాడే ఆ తీరును వదిలేసింది.

కాబట్టి నేను రాసిచ్చిన చీటీ తల్లి మాటలకు కొలత జోడించినదే. ఒక చెంచా ఆముదానికి మూడు నాలుగు చెంచాల కొబ్బరినూనె కలపాలి. పళ్లు దూరంగా ఉన్న దువ్వెనతో చిక్కు తీశాక మాత్రమే, జుట్టులో చెవుల కిందికి వేలాడే భాగానికి రాయాలి. గంట చాలు, రాత్రంతా అక్కర్లేదు. గోరువెచ్చని నీళ్లలో కలిపిన షాంపూను తల చర్మానికి వేలికొనలతో రాసి, జుట్టును వేలాడనిచ్చి కడగాలి. సబ్బుబిళ్ల తలకు తగలకూడదు.

చర్మానికి ఆముదం వాడే సంగతి అత్తగారే ఎత్తారు, ఆవిడ మడమలు పగిలి నెత్తురు కారుతున్నాయి. ఇక్కడ ఆముదం చిక్కదనమే మేలు చేస్తుంది. రాత్రి కాళ్లు పావుగంట నానబెట్టి, తడి ఆరకముందే పలుచగా రాసి మేజోళ్లు వేసుకుంటే లోపలి తేమను బయటికి పోనివ్వదు. లోతైన పగుళ్లకు యూరియా ఉన్న క్రీము కూడా ఇచ్చాను. పెదవులకు రాస్తే కొందరిలో దురద, నలుపు వస్తాయి. లిప్‌స్టిక్కుల్లో ఆముదం ఎక్కువగా ఉండటం వల్ల రిసినోలియిక్ ఆమ్లానికి అలర్జీ వచ్చిన కేసులు తెలిసినవే. మొదటిసారి వాడేవారిని మోచేతి మడతలో రాసి రెండు రోజులు చూడమంటాను.

బాబు విషయంలో మాత్రం కాస్త గట్టిగానే చెప్పాను. మాడు మీద ఒక బొట్టు అద్దడం వేరు, ముక్కులో, చెవిలో చుక్కలు వేయడం, ఉగ్గుగిన్నెతో పట్టించడం వేరు. పసివాడి ముక్కులో వేసిన నూనె దగ్గు కూడా రాకుండా ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది. అత్తగారి ముఖం ఆముదం తాగినట్టే అయింది. అప్పటికే రెండుసార్లు వేశారని తర్వాత తెలిసింది. బాబును పిల్లల డాక్టరుకు చూపించాం, ఛాతీ బాగానే ఉంది.

తర్వాతి నెలలు

నెల తర్వాత వచ్చినప్పుడు చిక్కు మళ్లీ కట్టలేదు, రాలడం మాత్రం ఇంకా ఉంది. మూడో నెలలో లాగుడు పరీక్షకు రెండే వెంట్రుకలు వచ్చాయి. హిమోగ్లోబిన్ 11.4కు చేరింది. ఆరో నెలలో ఫెర్రిటిన్ 34. నుదుటి అంచున, కణతల దగ్గర ఐదారు సెంటీమీటర్ల కొత్త వెంట్రుకలు వరసగా లేచి ఉన్నాయి. నెలకు సుమారు సెంటీమీటరు చొప్పున పెరిగే జుట్టుకు అది సరిపోయిన లెక్కే. భుజాల కింద ఉన్న జుట్టును పెంచుకోవాలా అని ఆమె అడిగారు. మూడు నెలలకోసారి చివరలు కత్తిరిస్తూ పెంచుకోమన్నాను.

ఆ రోజు ఆమె ఫిర్యాదు ఒక్కటే: నుదుటి మీది కొత్త వెంట్రుకలు ముళ్లలా నిలబడి, ఎంత దువ్వినా అణగడం లేదట. పక్కనే ఉన్న అత్తగారు చేతిసంచిలోంచి చిన్న సీసా తీసి, మూత తిప్పి, చూపుడువేలి కొసకు ఒక్క బొట్టు అద్దుకుని నా వైపు చూశారు. నేను ఏమీ అనకపోవడంతో, కోడలి నుదుటి అంచున మధ్య నుంచి కణత దాకా ఒక్కసారి నిమిరారు. వెంట్రుకలు అణిగాయి.